కోరిన గుణకం, కొలిచిన గుణకం: జనరేటివ్ మోడళ్లతో పదార్థ రూపకల్పన

ఉపోద్ఘాతం

పదార్థాన్ని ముందు తయారుచేసి, ఆపై దాని గుణాలను కొలవడం పదార్థ విజ్ఞానంలో చిరకాలంగా సాగుతున్న పద్ధతి. జనరేటివ్ యంత్రాభ్యాసం ఈ క్రమాన్ని తిరగవేస్తుంది. కావలసిన గుణాన్ని ముందే నిర్దేశిస్తే, దానికి తగిన నిర్మాణాన్ని మోడల్ ప్రతిపాదిస్తుంది. దీనినే విలోమ రూపకల్పన అంటారు. యాంత్రిక గుణాల విషయంలో ఈ పద్ధతికి ఉన్న శక్తినీ పరిమితినీ వివరించి, తిరుపతి, చిత్తూరు ప్రాంత పరిశోధకులకు ఇందులో ఉన్న అవకాశాన్ని సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

మోడల్ పనిచేసే తీరు

మైక్రోసాఫ్ట్ పరిశోధకుల మ్యాటర్‌జెన్ ఇందుకు తగిన ఉదాహరణ. దాని వివరాలు 2025లో నేచర్ పత్రికలో వెలువడ్డాయి. ఆరు లక్షలకు పైగా స్ఫటిక నిర్మాణాలతో దానికి శిక్షణ ఇచ్చారు. స్ఫటికంలోని పరమాణువుల రకాలను, స్థానాలను, జాలకాన్ని అంచెలంచెలుగా చెదరగొడతారు. ఆ చెదిరిన స్థితి నుండి స్ఫటికాన్ని తిరిగి కూర్చడం మోడల్ నేర్చుకుంటుంది. ఆయత గుణకం తెలిసిన కొద్దిపాటి దత్తాంశంతో మరికొంత శిక్షణ ఇస్తే, కోరిన గుణకం వైపు ఆ కూర్పును మలుస్తుంది.

200 గిగాపాస్కల్‌ల ఆయత గుణకాన్ని కోరినప్పుడు అది ప్రతిపాదించిన వాటిలో టాంటలం, క్రోమియం, ఆక్సిజన్‌ల సమ్మేళనం ఒకటి. ప్రయోగశాలలో తయారుచేసి కొలిస్తే వచ్చిన విలువ 169. మోడల్ వేర్వేరు స్థానాల్లో క్రమంగా అమర్చిన టాంటలం, క్రోమియం పరమాణువులు తయారైన పదార్థంలో కలగలిసి ఉన్నాయి.

గుణకం వేరు, బలం వేరు

ఆయత గుణకం ప్రధానంగా పరమాణు బంధాలపై ఆధారపడుతుంది కనుక దానిని గణించి రాబట్టవచ్చు. పదార్థం ఏ ప్రతిబలం వద్ద విరుగుతుందన్నది మాత్రం రేణువుల పరిమాణం, రంధ్రాలు, సూక్ష్మమైన పగుళ్లు నిర్ణయిస్తాయి. కుప్పం గ్రానైట్‌నే తీసుకుంటే, ఒకే క్వారీలో తీసిన రెండు ముక్కలు ఒకే భారం వద్ద పగలాలని లేదు. ఖనిజాలు అవే అయినా పగుళ్లు వేరు. స్ఫటికపు యూనిట్ సెల్‌ను మాత్రమే చూసే మోడల్‌కు ఆ పగుళ్లు కనిపించవు.

ముగింపు

1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి తోడు, 2015లో ఐఐటీ, ఐసర్ తిరుపతిలో ప్రారంభమయ్యాయి. మ్యాటర్‌జెన్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. కొరత ఉన్నది కొలతలకే. ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో విద్యార్థులు ఏటా ఉక్కు కడ్డీలను లాగి, కాంక్రీటు దిమ్మెలను నొక్కి పరీక్షిస్తారు. ఆ విలువలు రికార్డు పుస్తకాలు దాటి రావు. పదార్థం ఎక్కడిది, ఎలా తయారైంది, ఎలా విరిగింది అన్న వివరాలతో, ఆశించిన ఫలితం రాని పరీక్షలను సైతం ఒకే పద్ధతిలో నమోదు చేస్తే, బలాన్ని అంచనా వేసే మోడళ్లకు అదే విలువైన దత్తాంశమవుతుంది. రూపకల్పనను యంత్రానికి అప్పగించినా, తీర్పు చెప్పవలసింది కొలతే.