గురుపాదముల గోడు

గురువుగారి పాదములకు నమస్కరించుట మన సంప్రదాయము. గురుపూర్ణిమనాడును, సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవమునాడును శిష్యులు వంగి ఆ పాదధూళిని కన్నులకద్దుకొందురు. కాని ఆ పాదములు నొప్పిపెట్టుచున్నవేమోయని అడుగువారు అరుదు.

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో నేల మెత్తన. గోదావరి పాయలు తెచ్చిన ఒండ్రుమట్టిపై, కాలువగట్ల వెంబడి నడచువారికి అడుగు బరువనిపించదు. బడిలోని నేల అట్టిది కాదు. అది సిమెంటు గచ్చో, నాపరాయో, నున్నని టైల్సో అయియుండును. గుమ్మము వెలుపల చెప్పులు విడుచు అలవాటున్నచోట ఉపాధ్యాయుడు ఆ గట్టినేలపై వట్టికాళ్లతోనే నిలువవలెను. 45 నిమిషముల పీరియడ్లు ఆరు చెప్పిన దినమున ఆయన నిలుచున్న కాలము నాలుగున్నర గంటలు. ప్రార్థనాసమయము, మధ్యాహ్న భోజన పర్యవేక్షణ దీనికి అదనము. ఉపాధ్యాయినుల మాట చెప్పనక్కరలేదు. బడికి రాకముందును, బడి విడిచిన పిదపను వారిలో పెక్కుమంది నిలుచుండునది పొయ్యివద్దనే.

మడమ ఎముకనుండి కాలివ్రేళ్ల మొదళ్లవరకు అరికాలిలో దట్టమైన పట్టీవంటి పొర యొకటి కలదు. అది వింటినారివలె పాదపు వంపును నిలుపును. గంటలతరబడి శరీరభారము మోసి మోసి అది మడమవద్ద దెబ్బతినును. ఉదయము మంచము దిగి వేసిన తొలి అడుగున ముల్లు గ్రుచ్చినట్లుండుట దీని ముఖ్యలక్షణము. నాలుగడుగులు వేసిన తగ్గును. బడి విడుచువేళకు మరల వచ్చును. ఎక్స్‌రేలో మడమ ఎముకకు ముల్లు కనబడినదని పలువురు బెదరుదురు. నొప్పి యెరుగని ఎందరికో అట్టి ముల్లుండును.

నిలుచుండి చేయు పని శరీరమునకు చేటు తెచ్చునను సంగతి క్రొత్తది కాదు. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జిని వృత్తివ్యాధులపై రచించిన గ్రంథమున నిలుచుండి పనిచేయువారిని గూర్చి ప్రత్యేకముగా వ్రాసెను. మన దేశమున 1948నాటి ఫ్యాక్టరీల చట్టము, 44వ సెక్షనులో, అట్టి కార్మికులకు కూర్చుండు వసతి కల్పింపవలెనని విధించినది. 2018లో కేరళ, 2021లో తమిళనాడు దుకాణములలోని ఉద్యోగులకు ఆ హక్కునిచ్చినవి. బడి కర్మాగారమును కాదు, దుకాణమును కాదు. ఈ చట్టములు ఉపాధ్యాయుని దరికి రావు.

తరగతిలో కుర్చీ లేకపోలేదు. దానిలో కూర్చున్నవాడు సోమరియను భావమే అసలు అడ్డంకి. తనిఖీ అధికారి గుమ్మమున కనబడగనే ఉపాధ్యాయుడు దిగ్గున లేచుటలో మర్యాదకంటె జంకే హెచ్చు.

నివారణ కష్టము కాదు. మంచము దిగకముందే కాలివ్రేళ్లను చేతితో తనవైపునకు లాగి, పది లెక్కించువరకు పట్టియుంచి, పదిసార్లు అట్లే చేయవలెను. గోడకు చేతులానించి పిక్కలను సాగదీయవలెను. మడమవద్ద మెత్తగానుండు చెప్పులను తరగతిలోనూ ధరింపవలెను. ఓపికతో చేసినచో చాలమందికి కొన్ని నెలలలో నెమ్మదించును. వాపు, తిమ్మిరి, రాత్రివేళ నొప్పి యున్నచో వైద్యుని చూడవలెను.

ప్రధానోపాధ్యాయులు వరుసగా పీరియడ్లు పడకుండ కాలపట్టికను సవరింపవచ్చును. విద్యార్థులు లెక్కను నల్లబల్లపై తామే చేసి చూపవచ్చును. పాఠము నడుమ కుర్చీ ముందుకు జరిపి, “కూర్చోండి మాస్టారూ” అను శిష్యుని మాటయు నమస్కారమే.