కదిలే దంతం, ఉబ్బిన పొట్ట, ఆగని దగ్గు: పిల్లల్లో లింఫోమా వేషాలు

కాలికి ముల్లు గుచ్చుకొని చీము పట్టినప్పుడు గజ్జల్లో బిళ్ల కట్టడం తెలుగు ఇళ్లలో అందరికీ తెలిసినదే. ఆ బిళ్ల, రోగక్రిములతో పోరాడే తెల్లకణాలు కొలువుండే లింఫు గ్రంథి. అందులోని లింఫోసైట్లనే కణాలు అదుపు తప్పి పెరిగితే వచ్చే క్యాన్సరే లింఫోమా. పెద్దవారిలో కొన్ని లింఫోమాలు ఏళ్ల తరబడి మందకొడిగా సాగుతాయి గానీ, పిల్లల్లో హాడ్జ్‌కిన్ రకానికి చెందనివి దాదాపు అన్నీ ఉద్ధృతమైనవే. వాటిలో బర్కిట్ లింఫోమా ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలదు. ఇంత వేగమైన జబ్బు మెడలో గడ్డగానే బయటపడకుండా, మామూలు జబ్బుల వేషంలో రావడమే అసలు చిక్కు.

1957లో ఉగాండాలోని కంపాలాలో డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ శస్త్రవైద్యుడు, పై దవడా కింది దవడా రెండు వైపులా ఉబ్బిన ఒక పిల్లవాడిని చూసి అయోమయంలో పడ్డాడు. చీము గడ్డ గానీ, అంతవరకు తెలిసిన క్యాన్సర్ గానీ నాలుగు చోట్ల ఒక్కసారే పుట్టదు. కొద్ది వారాలకే జింజా ఆసుపత్రి కిటికీలోంచి అదే తీరు ముఖం గల మరో బిడ్డ కనిపించగా, పరీక్షిస్తే పొట్టలోనూ గడ్డలు తగిలాయి. 1958లో ఆయన రాసిన వ్యాసం తరువాత జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది. ఆరేళ్ల పిల్లకు ముందు పాలపన్ను కదలడం సహజమే. వాచిన చిగురులో దవడపన్ను కదిలితే మాత్రం, దాని చుట్టూ ఉన్న ఎముక కరిగిపోతోందేమోనని అనుమానించాలి.

ఆఫ్రికా వెలుపల ఈ కణితి ఎక్కువగా పొట్టలో, చిన్నపేగు పెద్దపేగును కలిసే చోట పుడుతుంది కనుక, కుడివైపు నొప్పిని చూసి అపెండిక్స్ అనుకోవడం పరిపాటి. పేగులో పేగు దూరడం సాధారణంగా రెండేళ్లలోపు పసివారికి వచ్చే చిక్కు. బడికి వెళ్లే పిల్లవాడికి అదే జరిగితే, పేగును లాగిన కణితి ఏదైనా ఉందేమో వెతకవలసిందే.

ఛాతీలో పుట్టే టీ-లింఫోబ్లాస్టిక్ రకం మరింత మోసకారి. రొమ్ము ఎముక వెనుక పెరిగే కణితి శ్వాసనాళాన్ని నొక్కడంతో, బిడ్డ వెల్లకిలా పడుకోలేక దిండ్లకు ఆనుకొని కూర్చునే నిద్రపోతుంది. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి, మెడ నరాలు తేలి ఉంటాయి. దీనిని ఉబ్బసమనుకొని స్టెరాయిడ్ ఇస్తే రెండు రోజుల్లో ఆయాసం తగ్గుతుంది, ఎందుకంటే ఆ మందు లింఫోమా కణాలనూ చంపుతుంది. తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్న ఆ రెండు రోజుల్లోనే, జబ్బు రకాన్ని తేల్చే ముక్క పరీక్షకు పనికివచ్చే కణజాలం చెదిరిపోవచ్చు. కణాలు ఒక్కుమ్మడిగా చితికి, వాటిలోని పొటాషియం, యూరిక్ ఆమ్లం రక్తంలో చేరి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అనాప్లాస్టిక్ లార్జ్‌సెల్ లింఫోమా అనే ఇంకో రకం జ్వరంతో, బిళ్లలతో వచ్చి, మన దేశంలో తేలికగా టీబీ ఖాతాలో పడుతుంది.

ఇలాంటి అనుమానం వస్తే, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వంటి ఊరికి సాగర్ రోడ్డు మీదుగా హైదరాబాద్ పెద్ద దూరం కాదు. రెడ్ హిల్స్‌లో నీలోఫర్ పిల్లల ఆసుపత్రి, 1955లో వెలసిన ఎంఎన్‌జే క్యాన్సర్ సంస్థ రెండూ ఉన్నాయి. దారి కన్నా, దగ్గు మందు మార్చి మార్చి చూసే రోజులే ఎక్కువ కాలాన్ని మింగుతాయి.

ముక్క పరీక్షతో పాటు మూలుగ, వెన్ను నీరు చూసి రకం తేల్చాక, పొట్ట కోసి గడ్డ తీయడం కన్నా కీమోథెరపీకే ప్రాధాన్యం ఇస్తారు. సకాలంలో పూర్తి చికిత్స అందే దేశాల్లో బర్కిట్ లింఫోమా వచ్చిన పిల్లలు నూటికి తొంభై మంది వరకు కోలుకుంటున్నారు; ముదిరిన జబ్బులోనూ రిటుక్సిమాబ్ అనే మందును చేర్చడం మేలని 2020లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. ఈ చికిత్సకు మూలస్తంభాల్లో ఒకటైన పసుపు రంగు మందు మెథోట్రెక్సేట్, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల నుంచి వచ్చినదే. 1948లో కన్నుమూసిన ఆయనకు, పదేళ్ల తరువాత కంపాలా నుంచి రాబోయే ఆ జబ్బు పేరు కూడా తెలియదు.