జాతీయతలో మూడు ధారలు: హైదరాబాద్ సంస్థానం, ఐర్లండ్ – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: హైదరాబాద్ సంస్థానపు తెలంగాణ ప్రాంతంలో, ముఖ్యంగా నల్లగొండ జిల్లాలో, సాంస్కృతిక, మత, లౌకిక జాతీయతా భావనలు ఎలా రూపొందాయో, ఎక్కడ కలిసి ఎక్కడ విడిపోయాయో ఐర్లండ్ అనుభవంతో పోల్చి ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఆంధ్ర మహాసభ, ఆర్యసమాజం, గేలిక్ లీగ్, నల్లగొండ, లౌకికత.

1. ఉపోద్ఘాతం

జాతీయోద్యమాన్ని ఒకే ప్రవాహంగా వర్ణించడం పరిపాటి. కాని "జాతి అంటే ఎవరు?" అన్న ప్రశ్నకు ప్రతి ఉద్యమంలోనూ భిన్నమైన సమాధానాలు వినిపిస్తాయి. సమాన హక్కులు గల పౌరులే జాతి అన్నది లౌకిక భావన. ఒకే భాష, చరిత్ర గలవారు జాతి అన్నది సాంస్కృతిక భావన. ఒకే మతస్థులు జాతి అన్నది మూడవది.

ఐర్లండ్‌లో ఈ మూడూ స్పష్టంగా కనిపిస్తాయి. 1791లో బెల్‌ఫాస్ట్‌లో ఏర్పడిన ఐక్య ఐరిష్ సంఘం కాథలిక్కులను, ప్రొటెస్టెంట్లను ఒకే పౌరసమాజంగా భావించింది. డేనియల్ ఓకానెల్ నాయకత్వంలో 1829 నాటికి ఫలించిన హక్కుల ఉద్యమం కాథలిక్ సమాజాన్ని, చర్చి యంత్రాంగాన్ని ఆధారం చేసుకొంది. 1893లో డగ్లస్ హైడ్ ప్రభృతులు స్థాపించిన గేలిక్ లీగ్ భాషోద్ధరణను లక్ష్యంగా ఎంచుకొంది.

2. సాంస్కృతిక ధార

హైదరాబాద్ సంస్థానంలో ఉర్దూ పాలనాభాష. రాజకీయ సభలపై ఆంక్షలు ఉన్నందున ప్రజాచైతన్యం గ్రంథాలయాల, పత్రికల రూపం తీసుకొంది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1921లో హైదరాబాదులో జరిగిన సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా ఎగతాళి ఎదురైంది. ఆ అవమానమే ఆంధ్ర జనసంఘం ఏర్పాటుకు ప్రేరణ. 1922లో నల్లగొండ నుండి నీలగిరి పత్రిక, 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వాన గోలకొండ పత్రిక వెలువడ్డాయి. 1930లో జోగిపేటలో ఆయన అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. ఈ ధార రాజ్యాధికారాన్ని నేరుగా ప్రశ్నించలేదు, భాషాగౌరవాన్ని కోరింది.

3. మత ధార

ఈ ధార రెండు వైపులా ఉంది. 1927లో ఆవిర్భవించిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ క్రమంగా రాజ్యాధికారం ముస్లింలదన్న సిద్ధాంతాన్ని ప్రచారం చేసింది. మరొకవైపు ఆర్యసమాజం ఆరాధనాస్వేచ్ఛ కోసం 1938–39లో సత్యాగ్రహం నడిపింది. ఆరాధనాస్వేచ్ఛ నిజానికి పౌరహక్కే. కాని దానిని ఒక మతసమాజపు పోరాటంగా నడిపినప్పుడు ఎదుటి మతంలోని సామాన్యుడు సైతం ప్రతిపక్షంగా భావించబడే ప్రమాదం ఏర్పడింది.

4. లౌకిక ధార

1938 అక్టోబరులో, నిషేధానికి గురైన స్టేట్ కాంగ్రెస్ బాధ్యతాయుత ప్రభుత్వం కోసం సత్యాగ్రహం ప్రారంభించింది. భువనగిరి తాలూకా బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి అందులో పాల్గొన్నారు. ఆర్యసమాజ సత్యాగ్రహంతో కలగలిసి తమ ఉద్యమం మతతత్వంగా ముద్రపడుతుందన్న ఆందోళనతో, గాంధీజీ సలహాపై, స్టేట్ కాంగ్రెస్ డిసెంబరులో దానిని నిలిపివేసింది. రెండు ధారల మధ్య గీత గీయడానికి ఉద్యమాన్నే ఆపవలసి వచ్చింది.

ఆ గీతను గ్రామాలలో మరో విధంగా గీసినది రైతు ఉద్యమం. వెట్టి, భూమి, పన్నుల సమస్యలలో దొర, రైతు అనే విభజన మతవిభజనను అడ్డంగా కోసింది. విసునూరు దేశ్‌ముఖ్ హిందువు. అతనితో భూమి కోసం పోరాడి 1940లో హతుడైన షేక్ బందగీ ముస్లిం. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభలో మితవాదులు విడిపోయారు. భాషాసంస్థగా పుట్టిన మహాసభ నేటి చౌటుప్పల్, భువనగిరి పరిసరాలతో సహా నల్లగొండ పల్లెల్లో "సంఘం"గా మారింది.

5. తులన

రెండు చోట్లా సాంస్కృతిక సంస్థ రాజకీయాలకు భూమిక అయింది; రెండు చోట్లా ఆ మార్పు చీలిక తెచ్చింది. గేలిక్ లీగ్ రాజకీయ లక్ష్యాన్ని స్వీకరించినప్పుడు ప్రొటెస్టెంటు మతగురువు కుమారుడైన హైడ్ 1915లో అధ్యక్షపదవిని వదులుకొన్నారు. అయితే ఫలితాలు వేరు. ఐర్లండ్ విభజితమైంది, 1937 రాజ్యాంగం కాథలిక్ చర్చికి ప్రత్యేక స్థానాన్ని గుర్తించగా, 1972 ప్రజాభిప్రాయ సేకరణతో అది తొలగింది. తెలంగాణలో భాషాచైతన్యం మతంవైపు కాక వర్గచైతన్యంవైపు మళ్లింది.

అయినా మతధార మాయం కాలేదు. రజాకార్ల హింసను ఖండించిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హత్యకు గురయ్యారు. సెప్టెంబరు సైనికచర్య అనంతరం ముస్లింలపై జరిగిన హింసను సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. అత్యధికంగా దెబ్బతిన్న ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ తెలంగాణ వెలుపలి జిల్లాలు. ఈ తేడాకు ఒకే కారణాన్ని చూపలేము; కాని రైతు ఉద్యమం నిర్మించిన ఐక్యతను విస్మరించడమూ తగదు.

6. ముగింపు

మూడు ధారలూ మూడు వేర్వేరు జనసమూహాలు కావు. ఒకే వ్యక్తి జీవితంలోనే ఒకదాని నుండి మరొకదానికి ప్రయాణం సాధ్యమని రావి నారాయణరెడ్డి జీవితం చూపుతుంది. కనుక ఏ ఉద్యమాన్నైనా దాని నినాదాలతో కాక, అది ఎవరిని తనలో కలుపుకొంది, ఎవరిని వెలుపల ఉంచింది అన్న ప్రశ్నతో అంచనా వేయడం సముచితం.