ఆలయవాసము - మనస్స్వాస్థ్యము

దేహమునకు జబ్బు చేసినపుడు వైద్యుని వెదకెడి మనవారు, మనస్సు చెదరినపుడు మాత్రము మొదట దేవుని వాకిలి వెదకుచుందురు. దానిని మూఢత్వమని త్రోసిపుచ్చువారును, మహిమయని చేతులు జోడించువారును కలరు. ఈ రెండు వాదములను విడిచి, కన్నులార చూచి కొలువబూనిన వైద్యులును కొందరు కలరు.

తమిళనాడులోని వేలాయుధంపాళయంపుదూరున ముత్తుస్వామి ఆలయ మున్నది. మనోవ్యాధిగ్రస్తులు బంధువుల తోడుతో వచ్చి అచ్చట కొన్నివారములు నివసించెడివారు. బెంగుళూరు జాతీయ మానసికారోగ్య సంస్థ వైద్యులు 2000వ సంవత్సరమున అట్టివారిని 31 మందిని పరీక్షించి, 2002లో ఆ ఫలితములను ప్రకటించిరి. వారిలో పెక్కుమంది స్కిజోఫ్రీనియా అను తీవ్రవ్యాధికి లోనైనవారే. సగటున ఆరు వారములుండు నప్పటికి వారి వ్యాధిలక్షణముల తీవ్రత ఇంచుమించు నూటికి 20 పాళ్లు తగ్గెను. ఔషధములవలన కలుగు మేలుతో ఇది పోల్చదగినదని ఆ వైద్యులే వ్రాసిరి.

ఇంతకును అచ్చట జరిగిన చికిత్స యేమి? ప్రత్యేకమైన మంత్రతంత్రములు లేవు. ఉదయమున పావుగంట పూజ. తక్కిన వేళ ఊడ్చుట, మొక్కలకు నీరు పోయుట వంటి పనులు. ప్రక్కన తనవాడొకడు, చుట్టును వెరపు గొలుపని మనుష్యులు. ఆ ఆదరణయే ఔషధమైనదని వైద్యుల ఊహ. అయినను పరీక్షకు వచ్చినవారు కొలదిమంది. ఆలయమునకు రాని రోగులతో పోల్చి చూచుట జరుగలేదు. కావున దీనిని తిరుగులేని ఋజువని చెప్పరాదు.

అదే రాష్ట్రమున, రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, దర్గా మహిమను నమ్మి తెచ్చిన రోగులను ఉంచు శాల యొకటి 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తగులబడెను. 28 మంది మరణించిరి. గొలుసులతో కట్టబడి యుండుటచే పలువురు లేచి పరుగిడలేకపోయిరి. రోగులను గొలుసులతో బంధించుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది.

రెండు చోట్లను భక్తి యున్నది. ఒకచోట రోగి చేతికి చీపురు, నీటిచెంబు నిచ్చిరి. మరియొకచోట కాలికి గొలుసు తగిలించిరి. భేదము దైవమున లేదు, మనుష్యుల నడతలో నున్నది. కలతపడిన బిడ్డను గుడికి తీసికొనిపోవు తల్లిని పరిహసింపనక్కర లేదు. వైద్యుని యొద్దకును తీసికొనిపొమ్మని నచ్చజెప్పవలెను. ఆ మాట చెప్పుటకు ఊరిలో ఉపాధ్యాయునికంటె తగినవాడు అరుదు.