మడమ లేస్తే తప్పేం కాదు

జిమ్‌లో రోయింగ్ మెషిన్ ఎక్కినవాళ్లకు తరచూ వినిపించే మాట: ‘మడమలు లేవనీయకండి’. లెక్క వేసి చూస్తే ఆ మాట నిలవదు.

పాదాలు ఆనించే పలక సాధారణంగా 40 నుంచి 45 డిగ్రీల వాలులో ఉంటుంది. సీటు బాగా ముందుకు జరిగినప్పుడు మోకాలి కింది కాలు నిట్టనిలువుగా రావాలంటారు. మడమ పలకకు అంటుకునే ఉండాలంటే చీలమండ కూడా దాదాపు అన్ని డిగ్రీలూ వంగాలి. మామూలు మనిషికి పాదం పైకి వంగేది సుమారు 20 డిగ్రీలు, ఒంటి బరువు మోపితే ఇంకాస్త. మిగిలిన తేడాను మడమే లేచి సర్దుతుంది. బిగుసుకున్న చీలమండకు అది మరికొంత ఎక్కువ లేవాలి, అంతే. లేవనీయకపోతే మనిషి నడుము వంచి ముందుకు అందుకుంటాడు. రోయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది ఆ నడుమే.

బిగువు ఎక్కడుందో ముందు తెలియాలి. గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో బొటనవేలు పెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించి చూడండి. తాకకపోతే, పట్టేసింది పిక్క కిందా, చీలమండ ముందువైపా అన్నది గమనించండి. పిక్కలో పైనున్న పెద్ద కండరం మోకాలిని దాటి తొడ ఎముకకు అతుక్కుంటుంది. మోకాలు వంచితే అది వదులవుతుంది. కిందనున్న సోలియస్ అలా కాదు. అందుకే రోయింగ్ కోసం పిక్కను సాగదీసేవాళ్లు మోకాలు వంచి కూడా సాగదీయాలి. గోడకు చేతులానించి, కాలు చాచి నిలబడితే చాలనుకునేవాళ్లే ఎక్కువ. ఇక ముందువైపు నొక్కినట్టు నొప్పి వస్తే సంగతి వేరు. అక్కడి తాలస్ ఎముక ముందు వెడల్పు, వెనక సన్నం. పాదం పైకి వంగేకొద్దీ ఆ వెడల్పు భాగం రెండు ఎముకల మధ్య చీలలా బిగుస్తుంది. పాత ఫ్రాక్చర్ వల్లనో, ఎముక పెరగడం వల్లనో అడ్డు పడుతుంటే ఎంత సాగదీసినా లాభం లేదు. మెషిన్‌నే మార్చుకోవాలి.

మొదట పట్టీ చూడండి. అది పాదం మీద వేళ్లు వంగే చోట పడాలి. అంతకంటే పైన బిగిస్తే మడమ కదలదు. మడమ ఆనే భాగాన్ని పైకీ కిందికీ జరిపే వీలుంటే, పట్టీ సరైన చోట పడేలా మార్చుకోవచ్చు. తర్వాత మడమ కింద ఎత్తు. మడమకూ వేళ్ల మొదళ్లకూ మధ్య 18 సెంటీమీటర్లుంటే, 2 సెంటీమీటర్ల ఎత్తుతో దాదాపు 6 డిగ్రీల వంపు మిగులుతుంది. వెయిట్‌లిఫ్టింగ్ బూట్లకు అంత ఎత్తు ఉంటుంది కానీ వాటి అడుగు గట్టిది, వేళ్ల దగ్గర వంగదు. మెత్తని బూట్లో సన్నని రబ్బరు ముక్క పెట్టుకోవడానికే నా ఓటు.

అన్నిటికంటే తేలిక, జరిగే దూరం తగ్గించుకోవడం. నడుము వంగడం ఎక్కడ మొదలవుతుందో చూసుకుని, పట్టాకు పక్కవైపు రంగు టేపు అంటించి, సీటును అక్కడే వెనక్కి మళ్లించండి. చక్రాల దారిలో మాత్రం టేపు పడకూడదు. సగం దూరమే జరిగితే అది రోయింగ్ కాదనేవాళ్లకు జవాబు పారాలింపిక్స్‌లో ఉంది. 2008 బీజింగ్ నుంచి రోయింగ్ అక్కడ పోటీగా ఉంది. పీఆర్1, పీఆర్2 విభాగాల్లో సీటు అసలు కదలదు. భుజాలు, చేతులు, కొందరికి నడుము కూడా, వాటితోనే పందెం. 2017 నుంచి వాళ్ల దూరమూ అందరితో సమానంగా 2,000 మీటర్లే.

మధుమేహం ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో చీలమండ బిగుసుకోవడం మామూలే. పాదాల్లో స్పర్శ కూడా తగ్గి ఉంటే పట్టీ ఒరుసుకున్నా తెలియదు. అలాంటివాళ్లు మెషిన్ దిగగానే మేజోళ్లు విప్పి పాదాలు చూసుకోవాలి. ఎర్రబడి ఉంటే ఆ రోజుకు ఆపేసి వైద్యునికి చూపించండి.