సముద్రం మీద రైలు దారి: పాత పాంబన్ వంతెన

తమిళనాడులో ప్రధాన భూభాగానికీ రామేశ్వరం దీవికీ నడుమ సుమారు రెండు కిలోమీటర్ల సముద్రం ఉంది. అక్కడ వంతెన కట్టేవారికి రెండు చిక్కులు ఎదురయ్యాయి. పైన రైలు పోవాలి, అదే చోట ఓడలకూ దారి ఉండాలి. పైగా అది తుపానులు వచ్చే ప్రాంతం. ఈ చిక్కులను ఎలా పరిష్కరించారో చూద్దాం.

ఎందుకు కట్టారు?

ఈ వంతెన 1914 ఫిబ్రవరి 24న ప్రారంభమైంది. భారతదేశంలో సముద్రంపై కట్టిన మొదటి వంతెన ఇదే. మద్రాసు నుంచి వచ్చే ప్రయాణికులు దీని మీదుగా ధనుష్కోడి చేరి, అక్కడ స్టీమరు ఎక్కి సింహళంలోని తలైమన్నారుకు వెళ్లేవారు.

ఎలా తెరుచుకునేది?

రెండు స్తంభాల నడుమ ఉండే భాగాన్ని స్పాన్ అంటారు. ఈ వంతెనకు 145 మామూలు స్పాన్లు, తెరుచుకునే స్పాన్ ఒకటి ఉండేవి. ఈ తెరుచుకునే స్పాన్‌కు షెర్జర్ స్పాన్ అని పేరు. దీనిలో తలుపు రెక్కల వంటి భాగాలు రెండు. ప్రతి రెక్క మొదలు గుండ్రంగా ఉంటుంది. ఊగే కుర్చీ వెనక్కి వాలినట్లు అది వెనక్కి దొర్లితే, కొస పైకి లేస్తుంది. వెనుక ప్రతిబరువు ఉండటం వల్ల కార్మికులు చేతి బలంతోనే దానిని తెరవగలిగేవారు.

1964 తుపాను

1964 డిసెంబరు 22 రాత్రి పెను తుపాను విరుచుకుపడింది. ధనుష్కోడి చేరువకు వచ్చిన ప్యాసింజరు రైలును ఉప్పెన ముంచివేసింది. అందులోని వందమందికి పైగా ప్రయాణికులు మరణించారు. ధనుష్కోడి పట్టణం నాశనమైంది. వంతెన గర్డర్లలో అధికభాగం కొట్టుకుపోయాయి. షెర్జర్ స్పాన్ మాత్రం నిలిచింది.

మరమ్మతుకు రైల్వే ఆరు నెలల గడువు పెట్టింది. యువ ఇంజనీరు ఇ. శ్రీధరన్ నాయకత్వంలో పని 46 రోజుల్లో పూర్తయింది. కొత్త గర్డర్ల కోసం ఎదురుచూడకుండా, సముద్రంలో పడిపోయిన వాటినే వెలికితీసి తిరిగి అమర్చడం ఇందుకు ముఖ్య కారణం.

ఆ తరువాత

గాలి వేగం గంటకు 58 కిలోమీటర్లు మించితే రైళ్లను ఆపే ఏర్పాటు చేశారు. 2007లో మీటరుగేజి దారిని బ్రాడ్‌గేజిగా మార్చారు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది కనుక నిర్వహణ పని ఎడతెగకుండా సాగేది. చివరకు 2022 డిసెంబరులో రైళ్లు ఆపివేశారు. పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది. దానిలో మధ్యభాగం లిఫ్టులా నిట్టనిలువుగా పైకి లేస్తుంది.

నూరేళ్లు దాటిన ఈ సేవ వెనుక మంచి నిర్మాణం ఒక్కటే కాదు, పరిశీలన, జాగ్రత్త, సకాలంలో మరమ్మతు కూడా ఉన్నాయి. మీ ఊరి దగ్గర పాత రైలు వంతెన ఉంటే, దానిని ఏ సంవత్సరంలో కట్టారో, ఎన్ని స్పాన్లు ఉన్నాయో తెలుసుకోండి.