లాకు కాదు, కబ్జా!

గత వేసవిలో ఒక నికాహ్ విందుకు కుటుంబంతో బయలుదేరాము. షాలిబండ దాటి ఫలక్‌నుమా వైపు వెళుతూ ఒక మలుపు తిరుగుతుండగా మా పాత మారుతి 800 వెనుక ఎడమ తలుపు దానంతటదే తెరచుకుంది. మనవరాలు తల్లి ఒడి వైపు వాలి నిద్రపోతూ ఉండబట్టి సరిపోయింది. అల్‌హమ్దులిల్లాహ్, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ తలుపు సంగతి నాకు రెండేళ్ళుగా తెలుసు.

మెల్లగా వేస్తే పడదు, గట్టిగా వేస్తే పడుతుంది. అది లోపమని మేమెవరమూ అనుకోలేదు, అలవాటుగా మార్చుకున్నాము. ఇంటికి వచ్చిన చుట్టాలకు కూడా "జోర్ సే మారో" అని చెప్పేవాళ్ళము. పాత బస్తీ గల్లీల్లో ఇలాంటి బండ్లు ఎన్ని లేవు! ఒకదానికి తలుపు తాడుతో కట్టి ఉంటుంది, మరొకదానికి ఇంటి తలుపుకు వేసే గొళ్ళెం బిగించి ఉంటుంది. యజమాని కిటికీలోంచి చెయ్యి పెట్టి తెరుస్తాడు, దాన్ని చూసి అందరూ నవ్వుకుంటారు.

నేను మదరసాలో చదివినవాణ్ణి, పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. స్పానర్ పట్టడం నాకు రాదు. "లాకు పోయింది" అనే మాట మాత్రం తెలుసు. ఆ మాటతోనే మొదట మోసపోయాను. వెనుకటి సంవత్సరం తాళం చెవి సరిగా తిరగడం లేదని పేవ్‌మెంట్ మీద కూర్చునే ఒకాయన దగ్గర కొత్త తాళం చెవి చేయించాను. అరిగిపోయిన చెవిని చూసి చేసినది కూడా అరిగిన చెవే అయింది. పైగా ఆ చెవికీ వెనుక తలుపు ఊడి రావడానికీ ఏ సంబంధమూ లేదు.

విందు మర్నాడు బండిని ఒక ముసలి ఉస్తాద్ దగ్గరకు తీసుకుపోయాను. ఆయన లాకును ముట్టుకోలేదు. తలుపును సగం తెరిచి, చివర రెండు చేతులతో పట్టుకుని పైకి లేపాడు. తలుపు 'టక్' మని అంగుళంలో నాలుగో వంతు లేచింది. "లాక్ కూ కుచ్ నై హువా సాబ్, కబ్జే ఢీలే హో గయే" అన్నాడు. లాకుకేమీ కాలేదు, కబ్జాలు వదులయ్యాయని. తెలుగు పాఠకులు కంగారు పడవద్దు. తెలుగులో కబ్జా అంటే ఎవరి స్థలమో ఆక్రమించడం, ఉర్దూలో తలుపును పట్టి ఉంచే మడతబందును కూడా కబ్జా అంటారు.

మడతబందుల్లోని ఇరుసు మేకులు అరిగితే తలుపు బరువుకు కిందికి జారుతుంది. తలుపు అంచున లోపల పంజాలాంటి ఒక కొక్కెం ఉంటుంది, దాన్ని లాచ్ అంటారు. ఎదురుగా కారు స్తంభానికి బిగించిన ఇనుప ముక్క స్ట్రైకర్. తలుపు జారితే పంజా స్ట్రైకర్ మీద సరిగ్గా కూర్చోదు, దాని కింది అంచును గీరుతుంది. మనం కోపంగా మరింత గట్టిగా వేస్తాము, అది మరింత అరుగుతుంది. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. మా విద్యార్థులను తీసుకుపోయినప్పుడు దాని తలుపులు చూసి ముచ్చటపడ్డాను. నిజాం గారి ఆ బండి తిరిగింది చాలా తక్కువ. మా బండి తలుపులు మాత్రం రోజుకు ఇరవై సార్లు తెరుచుకుంటాయి, వాటిని పట్టుకుని పిల్లలు ఊగుతారు కూడా.

కాబట్టి పని వరుస ముఖ్యం. ముందు మడతబందులు, తర్వాత స్ట్రైకర్, ఆ తర్వాతే లాచ్. చాలామంది మెకానిక్కులు తొందరలో స్ట్రైకర్‌ను కొంచెం కిందికి జరిపి పంపేస్తారు. కొన్నాళ్ళు బాగుంటుంది, తలుపు మరికొంత జారగానే కథ మొదటికొస్తుంది. మా ఉస్తాద్ కొత్త మేకులు లేత్ మీద తిప్పించి వేశాడు. స్ట్రైకర్ చుట్టూ పెన్సిలుతో గీత గీసి, మరలు వదులు చేసి, వెంట్రుకవాసి జరిపి బిగించాడు. గీత ఉంటే పాత చోటు ఎక్కడో మరిచిపోము. లాచ్‌లో పదిహేనేళ్ళ దుమ్మూ గ్రీజూ కలిసి బంకలా గట్టిపడి ఉన్నాయి. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, పలుచగా గ్రీజు రాస్తే పంజా స్ప్రింగు మళ్ళీ చురుగ్గా కదిలింది.

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. అదే సంవత్సరం మే నెలలో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ కూడా ఆగిపోయింది. విడిభాగాల కోసం జుమేరాత్ బజారులాంటి చోట్ల వెతికేవారు పాత లాచ్ కొనేముందు పంజాను వేలితో కదిలించి చూడాలి. పక్కకు ఊగితే దాని మేకు కూడా అరిగినట్టే, మన దగ్గరున్నదానికంటే అది మేలేమీ కాదు.

ఇక తాళం చెవి సంగతి. లాకు గొట్టంలో సన్నని ఇత్తడి పలకలు వరుసగా ఉంటాయి. చెవి పళ్ళు వాటిని సరైన ఎత్తుకు తెస్తేనే గొట్టం తిరుగుతుంది. ఎక్కువగా వాడేది డ్రైవరు తలుపే గనుక ముందు అరిగేదీ అదే. ఎడమ తలుపుకూ డిక్కీకీ అదే చెవి అయితే అక్కడి పలకలు కొత్తగానే ఉంటాయి. వాటిని చూసి చెవి చేయమనండి, లేదా బీరువాలో వాడకుండా ఉంచిన రెండో చెవిని ఇవ్వండి. రంధ్రంలో కొబ్బరి నూనె పోయడం మా ఇంట్లో కూడా ఉన్న దురలవాటు. అది దుమ్మును పట్టి జిగురవుతుంది. పెన్సిల్ ములుకు పొడి, అంటే గ్రాఫైట్, కొంచెం ఊదితే చాలు.

తెరచుకునే తలుపుకంటే తెరచుకోని తలుపు మరీ ప్రమాదం. లోపలి పిడి నుంచి లాచ్ దాకా ఒక సన్నని కడ్డీ వెళుతుంది. దాని చివర ప్లాస్టిక్ క్లిప్పు విరిగితే పిడి ఊరికే ఆడుతుంది. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ళ మండలం దామరగిద్దలో ఆగి ఉన్న కారులో ఇద్దరు చిన్నారులు, మే నెలలో విజయనగరం దగ్గరి ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఊపిరాడక మరణించారు. అక్కడ లాకులు చెడ్డాయని నేను అనడం లేదు. కానీ ఎండలో మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. ఆ సమయంలో పిడి లాగితే తలుపు రావాలి. విరిగిన క్లిప్పుకు బదులు తీగ కట్టించుకోకండి. వెనుక తలుపు అంచున పిల్లల లాకు మీట ఉంటే అది వేసి ఉందేమో ముందు చూడండి. అది వేసి ఉంటే లోపలి నుంచి ఆ తలుపు రాదు. ముందు సీటులోకి దూకి ఆ తలుపు తెరవాలని, హారన్ కొట్టాలని పిల్లలకు నేర్పండి. తాళం చెవి లేకుండా మీ బండిలో హారన్ మోగుతుందో లేదో ఈ రోజే చూసుకోండి.

బాగున్న తలుపు వేస్తే రెండు టక్కులు వినిపిస్తాయి. మొదటిది సగం పట్టు, రెండోది పూర్తి పట్టు. మా తలుపు రెండేళ్ళుగా మొదటి టక్కు మీదే వేలాడిందట. ఇప్పుడు బండి ఎక్కగానే మనవరాలు తలుపు వేసి, చెవి ఆనించి "ఏక్, దో" అని లెక్కపెడుతుంది. ఉస్తాద్‌కు ఒక పగలంతా పట్టింది. ఖర్చు ఆ నికాహ్‌లో మేమిచ్చిన సలామీ కంటే తక్కువే. డ్రైవరు వైపు తలుపు ఇంకా మిగిలి ఉంది, వచ్చే వారం రమ్మన్నాడు.